ఉత్తనెల

చార్జి లిస్టులో పదిహేడు వస్తువులున్నాయి. బరువు చూసే తరాజు, సూదులు ఉడకబెట్టే గిన్నె, ఒత్తుల్లేని కిరోసిన్ స్టవ్వు, టీకాల ఐసుడబ్బా, చేయి విరిగిన కుర్చీ, అయిదు రిజిస్టర్లు, ఇంకా ఇట్లాంటివే. నీలా ఒక్కోదాన్ని ముట్టుకుని చూసి టిక్కు పెడుతోంది. ఎస్తేరు గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చిలుకూరు దగ్గరున్న ఆ సబ్‌సెంటర్లో ఏయెన్నెమ్‌గా ఆమెకు ఇంక మిగిలింది అయిదు రోజులు. 1994 ఫిబ్రవరి ఇరవై ఎనిమిది సాయంత్రానికి రిటైరు. ఆ స్థానంలోకి వచ్చిన నీలాకు ఇదే మొదటి పోస్టింగు. నిడమనూరు వైపు తండా నుంచి చదువుకుని ఉద్యోగంలోకి వచ్చిన మొదటి ఆడపిల్ల కాబట్టి, ఆమె నడకలో కొంచెం ఆ సంగతి కనిపిస్తూ ఉంటుంది. తప్పేం లేదు, వచ్చినవాళ్లకు తెలుస్తుంది ఎంత దూరం నుంచి వచ్చారో.

పదిహేడూ సరిపోయాయి. బల్ల మీద ఇంకొకటి మిగిలింది. గాజుగుడ్డ పీలికతో కట్టిన పొడుగు నోటుబుక్కు. అది లిస్టులో లేదు.

"అది సర్కారుది కాదు బిడ్డా. నాది," అంది ఎస్తేరు.

నీలా ముడి విప్పింది. లోపల గీతల్లేవు, గళ్లు లేవు, ఎర్రసిరా లేదు. నల్గొండ ట్రైనింగులో ఆమె నేర్చుకున్న పట్టికలకూ దీనికీ పొంతనే లేదు. పేజీ నిండా పెన్సిలుతో ఉత్త వాక్యాలు. ప్రతి వాక్యానికీ మొదట తేదీ, తర్వాత మనిషి పేరు, తర్వాత ఊరు, తర్వాత చేయాల్సిన పని. అంతే. అయిపోయిన వాటి మీద అడ్డంగా ఒక్క గీత. ఇంత సాదా సీదా దానికి చార్జి ఎందుకని నీలా మనసులో నవ్వుకుంది కూడా.

ఈ రోజు పేజీలో ఆరు పనులున్నాయి. ఎస్తేరు లేచి వచ్చి, పొద్దున సూది వేసి పంపిన పసిపిల్ల పేరు వెతికింది. వెంటనే కొట్టెయ్యలేదు. నెల ముందుకు పేజీలు తిప్పి, మార్చి ఇరవై నాలుగు దగ్గర ఆ పిల్ల పేరు రాసి, రెండో సూది అని రాసి, మళ్లీ వెనక్కి వచ్చి అప్పుడు గీత కొట్టింది.

"ముందుగాల తర్వాతిది రాయాలె. ఆ తర్వాతనే కొట్టెయ్యాలె. కొట్టేసినంక పని అయిపోయిందనుకుంటది మనసు. ఇగ యాదికి రాదు."

నీలా ఊరికే తలూపింది. పేజీలు ముందుకు తిప్పుతూ పోయింది. మార్చి, ఏప్రిల్, వానాకాలం. ప్రతి కాన్పు తేదీకీ ఎనిమిది రోజుల ముందు ఒక వాక్యం ఉంది, ఆసుపత్రికి తీసుకుపోవాలని. దానికి పది రోజుల ముందు ఇంకొకటి ఉంది, మొగుడికి కబురు పెట్టాలని. పని ఉన్న రోజు రాసుకుంటే చాలదట, ఆ పని కోసం ఎప్పుడు లేచి నిలబడాలో అది కూడా రాసుకోవాలట. పేజీలు ఇంకా ముందుకు పోయాయి. 1995. 1996. వెనక అట్ట దగ్గరికి వచ్చేసరికి 1999. అక్కడ అయిదేళ్లు నిండిన పిల్లలకు బడిలో వేయాల్సిన సూదులు, పేరుపేరునా, తేదీలతో సహా. ఇంకా పాకడం రాని పిల్లలు ఆ పేజీల్లో బడికి పోతున్నారు. రాసిన మనిషికి మాత్రం వచ్చే సోమవారంతో ఉద్యోగం అయిపోతుంది.

నీలాకు నవ్వు ఆగిపోయింది. ఆమె చూసిన రిజిస్టర్లన్నీ జరిగిపోయినవి రాసుకునేవి. జరగబోయేవాటిని ఇట్లా వరసలో నిలబెట్టిన పుస్తకాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఈనాటి పేజీలో ఆఖరి వాక్యం చివర రెండు బాణాలున్నాయి. 'సాలి — తండా — కడుపు నెలకంటె పెద్దగున్నది — మల్లొకసారి లెక్క అడగాలె.' బాణమంటే ఏమిటని అడిగింది నీలా. ఆ రోజు కాని పనిని ఇంకో రోజుకు జరిపితే ఒక బాణం అని, రెండుసార్లు జరిపితే రెండని చెప్పింది ఎస్తేరు. రెండుసార్లూ తండాకు వెళ్లి అడిగిందే, అత్త మంగ్లీ పాత జవాబే చెప్పింది, అనుమానం తీరక మళ్లీ ముందుకు జరిపింది.

"మూడో బాణం పెట్టద్దు. మూడుసార్లు జరిగిందంటే తప్పు పనిది గాదు, మనది. నువ్వు తండా బిడ్డవు గద, ఇయ్యాల నువ్వే పోయి అడుగు."

*

తండా రెండు మైళ్లు. కాలువ గట్టు మీదుగా నడక. యాసంగి నాట్లు పడి నెల దాటింది, రెండు పక్కలా పొలం పచ్చగా ఉంది. సంచిలో రక్తం గోళీలు, చేతిలో పుస్తకం. పుస్తకాన్ని ఎస్తేరు తానే ఇచ్చి పంపింది.

మంగ్లీ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. కోడలు సాలి గోడకు ఆనుకుని కూర్చుని, పాత లంగాకు అద్దాలు ఊడిన చోట కుట్లు వేస్తోంది. పొట్టి మనిషి. నీలా భుజం దాకా కూడా రాదు. సాలి మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి రెండు రోజులు కష్టపడి, పుట్టాక దక్కలేదని ఎస్తేరు చెప్పింది. ఈసారి సూర్యాపేట పెద్ద దవాఖానలో ఆపరేషనే మార్గమని, నొప్పులు మొదలుకాక ముందే చేర్చాలని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. అందుకే పుస్తకంలో సాలికి మూడు తేదీలున్నాయి. మార్చి పదిహేను, మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీగా ఉన్న మొగుడు గేమ్యాకు కబురు. మార్చి ఇరవై అయిదు, సూర్యాపేట. ఏప్రిల్ రెండు, కాన్పు.

లెక్క అడిగితే మంగ్లీ లోపలికి పోయి చిన్న మట్టిముంత తెచ్చింది. నీలా చేతిలో వంచింది. చింతగింజలు. కోడలికి నెల తప్పినప్పటి నుంచి ప్రతి అమాసకూ ఒక గింజ వేస్తోందట. ఏడున్నాయి. సిస్టరమ్మకూ ఇదే చూపించానని, ఎన్నిసార్లు అడిగినా గింజలు పెరగవు కదా అని కొంచెం చిరాకు పడింది. ఆ తర్వాత కోడలి వైపు చూపించి అంది:

"మొదటిదాన్ని నాట్లకు పోయి నెల ముందుగాలనే పడగొట్టుకున్నది. వంగద్దే అంటె ఇన్నదా? ఈపారి గడప దాటనియ్య."

సాలి తల ఎత్తలేదు. సూదిలోంచి దారం జారితే మళ్లీ ఎక్కించుకుంది. ఆ మాట ఆమె మూడేళ్ల నుంచి వింటోందని, ఇంక వినపడటం కూడా మానేసిందని నీలాకు అర్థమైంది. ఎందుకో తన తప్పే అయినట్టు సిగ్గనిపించింది.

కడుపు చూడాలని చెప్పి సాలిని గుడిసె లోపలికి తీసుకుపోయింది. చేయి వేసి చూస్తే ఎస్తేరు రాసింది నిజమే. కడుపు పొడుగు ఎనిమిదో నెలది కాదు. నీలా తెలుగు వదిలి తండా భాషలోకి మారింది. అప్పటిదాకా అన్నిటికీ తలూపిన సాలి ఆ మాట చెవిన పడగానే ముఖం తిప్పి చూసింది. సిస్టరమ్మ అడిగినప్పుడల్లా అత్తే జవాబు చెప్పేది. తనను ఎవరూ అడగలేదు.

ఆఖరుసారి ఎప్పుడు తలకు పోసుకున్నావంటే సాలి ఆలోచించలేదు కూడా. రోహిణి కార్తెలో, చేనుకు పెంట తోలిన రోజు అంది. ఆ ఎండకు కళ్లు తిరిగి బండి కింద పడుకుందట, ఆ రోజే తలకు పోసుకుందట.

నీలా వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టింది. రోహిణి కార్తె ఏ ఏడాదైనా మే నెలాఖరునే వస్తుంది, ముందువెనకలు కాదు. మే నెలాఖరు నుంచి ఇవాళ్టికి దాదాపు తొమ్మిది నెలలు. మళ్లీ లెక్క పెట్టింది. అంతే వచ్చింది. బయటికి వచ్చి గింజలు చేతిలో పోసుకుని మంగ్లీ ముందు కూర్చుంది. దీపావళి అమాసకు ముందు ఎన్ని గింజలు వేశావని అడిగింది. మూడు అంది మంగ్లీ. ఆషాఢం ఒకటి, శ్రావణం ఒకటి, భాద్రపదం చివర పెత్రమాసకు ఒకటి.

శ్రావణానికీ పెత్రమాసకూ నడుమ ఇంకో అమావాస్య ఉంది. పోయిన ఏడు భాద్రపదాలు రెండు వచ్చాయి. మొదటిది అధికమాసం, ఊళ్లో పెండ్లిళ్లు ఆగిన నెల. నీలా గొంతు తగ్గించి అడిగింది, ఆ నెల గింజ వెయ్యలేదా అని.

మంగ్లీ ఈ పిల్లకు చదువు ఎక్కువై తెలివి తగ్గిందేమో అన్నట్టు చూసింది.

"అది ఉత్తనెల గాదే? ఉత్తనెలకు గింజ ఎవలేస్తరు?"

నీలాకు వాళ్ల నాయనమ్మ ముంత కళ్ల ముందు కనిపించింది. ఆమె కూడా వేసేది కాదు. దేవుడి లెక్కలో లేని నెల మనిషి లెక్కలో ఎందుకుంటుందనేది. కడుపులో బిడ్డకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పరు. అది పెరుగుతూనే ఉంటుంది.

*

ఎస్తేరు పొయ్యి మీది కూర దించి, చెంగుకు చేతులు తుడుచుకుంటూ విన్నది. ఆమెది ముందు తరం నుంచీ చర్చి ఇల్లు. ఆ ఇంట్లో పంచాంగం ఎప్పుడూ లేదు. అధికమాసమంటే ఊళ్లో పెండ్లిళ్లు ఆగుతాయని మాత్రం తెలుసు. దాన్ని లెక్కలోంచే తీసేస్తారని ముప్పై ఒక్క సంవత్సరాలలో ఎవరూ చెప్పలేదు. తండాలో ఏ ఆడదాన్ని అడిగినా పక్కన ఒక అత్తో అమ్మో ఉండి గింజలు చూపించారు, ఈమె రాసుకుంది.

"గిట్ల ఎప్పటిసంది లెక్కపెడ్తరు మీరు?"

"మా నాయినమ్మ నాటిసంది అమ్మా. రెండున్నర ఏండ్లకోపారి వస్తది ఉత్తనెల."

ఎస్తేరు లోపలికి పోయి చెంబెడు నీళ్లు తాగింది. కాసేపు అక్కడే నిలబడింది. బయటికి వచ్చేసరికి చేతిలో పెన్సిలు ఉంది. సాలి పేరున్న మూడు వాక్యాలనూ నెల వెనక్కి తెచ్చి రాసి, అప్పుడు పాతవి కొట్టేసింది. కాన్పు మార్చి రెండు. సూర్యాపేట ఫిబ్రవరి ఇరవై అయిదు, అంటే రేపు. గేమ్యాకు కబురు పెట్టాల్సిన తేదీ దాటిపోయి అప్పటికే తొమ్మిది రోజులైంది. దాన్ని ఈ రోజు కింద రాసింది.

తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పుస్తకమంతా వెతికారు. ఉత్తనెల కన్నా ముందు కడుపుతో ఉండి ఇంకా కాన్పు కాని ఆడవాళ్లు తండాల్లో పదకొండు మంది. ఒక్కో పేరుకు రెండు మూడు తేదీలు. నీలా పేరు చదువుతుంటే ఎస్తేరు నెల వెనక్కి తెచ్చి రాసి, పాతది కొట్టేసింది. ఒక్క నెల కదిలితే మొత్తం వరస కదిలింది. మొత్తం కదిలినా ఒక్క పేరు కూడా జారిపోలేదు. పుస్తకానికి తప్పు తెలియదు. కానీ ఏదో సరిగా లేదని రెండు బాణాలతో అడుగుతూనే ఉంది. అడగడం మానలేదు కాబట్టే ఈ రోజు జవాబు దొరికింది.

లేవబోయే ముందు ఎస్తేరు ఇరవై ఎనిమిదో తారీఖు పేజీ తీసి, కొంచెం పక్కకు తిరిగి, ఏదో ఒక వాక్యం రాసుకుంది. తిప్పి ఇంకో పేజీలో ఇంకో వాక్యం రాసింది. రిటైరుమెంటు పనులేమో అనుకుంది నీలా.

కోదాడ బస్సెక్కి హెల్త్ ఆఫీసుకు పోయారు. జీపు కావాలని అడిగితే గుమాస్తా ఉప్పలయ్య రిజిస్టరు తీశాడు. మంచివాడే, రిజిస్టరు తప్ప ఇంకేదీ కనిపించదంతే. సాలి కాన్పు ఏప్రిల్ అని అందులో ఉంది. ఫిబ్రవరిలో జీపు ఎట్లా ఇస్తారన్నాడు. ఎస్తేరు పుస్తకం తెరిచి చూపిస్తే, సొంత నోటుబుక్కులో పెన్సిలుతో దిద్దుకున్నది సాక్ష్యం కాదన్నాడు. దిద్దుకున్నది కనకనే నిజమని నీలా గట్టిగా అనబోయింది. ఎస్తేరు ఆమె మోచేయి పట్టుకుని బయటికి తీసుకువచ్చింది. నొప్పులు రాలేదు కదా, ఆర్టీసీ బస్సు చాలు, ఇక్కడ గంట పోతే గేమ్యాకు కబురు పోదు అంది.

ఎస్టీడీ బూతులో మిర్యాలగూడ మిల్లు నంబరు కలవడానికి అరగంట పట్టింది. గేమ్యా లారీ మీద ఉన్నాడని, పిలవడం కుదరదని అవతలి మనిషి అన్నాడు. ఎస్తేరు ఏమాత్రం గొంతు పెంచకుండా, రేపు సాయంత్రానికి సూర్యాపేట దవాఖానలో ఉండాలని, ఆపరేషనుకు వేలిముద్ర కావాలని చెప్పింది. అవతలి మనిషి పేరు అడిగి, సైదులు అంటే, ఫోను పెట్టేసి పుస్తకంలో రాసుకుంది. 'రేపు పది గంటలకు — సైదులు — మిల్లు — గేమ్యా బయల్దేరిండా అని అడగాలె.' కబురు పెట్టడం పని కాదట. అందిందని తెలుసుకోవడం పని.

శుక్రవారం పొద్దున సాలి, మంగ్లీ, నీలా, ఎస్తేరు కోదాడలో సూర్యాపేట బస్సెక్కారు. కండక్టరు సాలిని చూసి ముందు సీటు ఖాళీ చేయించాడు. ఇంకా నెల ఉందని మంగ్లీ దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. గింజల ముంత కొంగున కట్టుకుని తెచ్చుకుంది, సాక్ష్యానికన్నట్టు.

నీలా కిటికీ పక్కన కూర్చుంది. మునగాల దాటాక ఉన్నట్టుండి ఆమెకు ఇంకో లెక్క తట్టింది. పోయిన ఏటి దానికి ముందటి ఉత్తనెల వచ్చింది 1991 ఎండాకాలంలో. బాగా గుర్తు, వాళ్లన్న పెండ్లి ఆ నెల వల్లనే ఆగింది. సాలి మొదటి కాన్పు అదే ఏడు, నాట్లప్పుడు. నెల ముందుగా వచ్చిందన్న కాన్పు. రెండు రోజుల కష్టం అయ్యాక ఎస్తేరు చేరుకున్న కాన్పు.

అది నెల ముందుగా రాలేదు. నెలలు నిండే వచ్చింది. పుస్తకమే నెల ఆలస్యంగా ఉంది.

నీలా పక్కకు చూసింది. ఎస్తేరు సాలి కాళ్ల కింద సంచి సర్దుతోంది. ఆమె మొహం మామూలుగానే ఉంది. ఇంకో మూడు రోజుల్లో రిటైరయ్యే మనిషికి ఈ సంగతి చెప్పకూడదని, తన నోటి నుంచి ఎప్పటికీ రాకూడదని నీలా గట్టిగా అనుకుంది. అంత గొప్ప పుస్తకంలో ఆ ఒక్క మరక తను మాత్రమే చూసిందనుకుంది.

*

గేమ్యా శుక్రవారం దీపాలు పెట్టేవేళకు వచ్చాడు. తలపాగాలో ఇంకా తవుడు ఉంది. శనివారం కాగితాల మీద వేలిముద్ర వేశాడు. ఆదివారం పొద్దున ఏడింటికి సాలికి నొప్పులు మొదలయ్యాయి. మంగ్లీ ముంత విప్పి గింజలు చూసుకుంది. ఏడే ఉన్నాయి. పదకొండుకు లోపలికి తీసుకుపోయారు, పన్నెండున్నరకు నర్సు బయటికి వచ్చి ఆడపిల్ల అంది.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, బిడ్డ రెండు కిలోల ఎనిమిది వందలుందని, నెలలన్నీ నిండాయని చెప్పింది. ఇంటి దగ్గర నొప్పులు మొదలై ఉంటే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్లు కాదని కూడా చెప్పింది. మంగ్లీ బిడ్డ గోళ్లు చూసింది. వేళ్ల చివరలు దాటి పెరిగి ఉన్నాయి. తల నిండా జుట్టు ఉంది. ఏడు నెలల బిడ్డకు ఇట్లా ఉండదని ఆమెకూ తెలుసు, తండాలో ఎన్ని కాన్పులు చూసిందో. గింజల ముంతను చాలాసేపు చేతిలో తిప్పుతూ కూర్చుంది.

ఎస్తేరు అప్పటికప్పుడు పుస్తకం తెరిచింది. ఏప్రిల్ పది, సాలి బిడ్డ, మొదటి సూది. ఆ తర్వాత మే, జూన్. ఆ తర్వాత ఏడాదిన్నరకు. ఆ తర్వాత 1999 ఫిబ్రవరి ఇరవై ఏడు, సాలి బిడ్డ, బడిలో. పేరు ఇంకా పెట్టలేదు కాబట్టి అక్కడ కొంచెం జాగా వదిలింది. అవన్నీ రాశాకే సాలి కాన్పు వాక్యం మీద గీత కొట్టింది. ఈ లోకంలోకి వచ్చి గంట కూడా కాలేదు, బిడ్డకు అప్పుడే అయిదేళ్ల దాకా ఎదురుచూసే మనిషి ఒకరున్నారు. నీలా ఇంక దాచుకోలేక కళ్లు తుడుచుకుంది.

బస్టాండులో తిరుగు బస్సు కోసం చూస్తుండగా ఎస్తేరు పుస్తకాల దుకాణం దగ్గరికి పోయి పదేళ్ల పంచాంగం ఒకటి కొనుక్కొచ్చింది. మెడలో సిలువ గొలుసు ఉన్న మనిషి పంచాంగం అడిగేసరికి దుకాణంవాడు రెండుసార్లు అడిగాడట, ఇదేనా అని. ఆ మాట చెప్పి ఆమె నవ్వింది.

సోమవారం ఆఫీసులో ఎస్తేరుకు దండ వేసి శాలువా కప్పారు. మిక్చరు, టీ ఇచ్చారు. నలుగురు మాట్లాడారు, నలుగురూ ఆమె ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాలేదన్నారు. ఉప్పలయ్య చార్జి లిస్టు తెచ్చాడు. నీలా సంతకం పెట్టకుండా, పద్దెనిమిదో వస్తువు రాయమంది. నోటుబుక్కు ఒకటి. సర్కారు సొత్తు కానిదాన్ని చార్జిలో ఎట్లా ఎక్కిస్తానన్నాడు ఉప్పలయ్య. ఎస్తేరు మధ్యలోకి వచ్చి, లిస్టులో వద్దు, లిస్టులో ఎక్కితే బీరువాలోకి పోతుంది అంది. పుస్తకాన్ని చేత్తోనే నీలాకు ఇచ్చేసింది. ఇవ్వడానికి ముందు ఒకసారి గాజుగుడ్డ ముడి గట్టిగా ఉందో లేదో చూసింది.

మధ్యాహ్నం సబ్‌సెంటర్లో ఎస్తేరు సామాను సర్దుతుంటే, నీలా తనదైన పుస్తకంలో మొదటిసారి ఆ నాటి పేజీ తీసింది. అన్నిటి మీదా గీతలున్నాయి, ఒక్క వాక్యం మీద తప్ప.

'28 ఫిబ్రవరి — ఎస్తేరు — 91 పుస్తకం తియ్యాలె — సాలి మొదటి కాన్పు — దిద్దాలె.'

గురువారం పక్కకు తిరిగి రాసిన వాక్యం అది. నీలా బస్సులో ఒక రోజు తర్వాత కనుక్కున్నది, ఎస్తేరు లోపల చెంబెడు నీళ్లు తాగి వచ్చే లోపే కనుక్కుంది. కనుక్కుని, దానికి నాలుగు రోజుల అవతల ఒక తేదీ ఇచ్చి, ముందు సాలి పనికి కూర్చుంది. ఆ నాలుగు రోజులూ ఆమె ఫోను చేసింది, బస్సెక్కింది, సంచి సర్దింది, నవ్వింది. తనేదో దాచి కాపాడుతున్నాననుకున్న నీలా ఆ పుస్తకం పట్టుకుని ఎస్తేరు దగ్గరికి పోయింది.

"తెలుసా అమ్మా నీకు?"

"తెలుసు." ఎస్తేరు ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత పుస్తకాలు తీస్తోంది. ఏడాదికొకటి, ముందు తేదీల పనులన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించుకుని పక్కన పెట్టినవి. "ఆనాడే ఏడ్సుకుంట కూసుంటె సాలి పని ఎవలు జేస్తరు? అందుకే దీన్ని ఇయ్యాల్టికి బెట్టుకున్న."

1991 పుస్తకం దొరికింది. జులైలో ఆ వాక్యం ఉంది, మీద గీతతో. 'సాలి — తండా — నెల ముందుగాలనే కాన్పు — బిడ్డ దక్కలే.' ఎస్తేరు కళ్లద్దాలు పెట్టుకుని, 'నెల ముందుగాలనే' అన్న రెండు మాటలనూ కొట్టేసింది. పైన ఖాళీలో చిన్న అక్షరాలతో రాసింది. 'నెల నిండినంకనే. నేను ఆలస్యం.' పెన్సిలు కింద పెట్టింది. నీలా ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇద్దరూ ట్రంకుపెట్టె పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఇంకోటి రాసిన," అంది ఎస్తేరు. "రేపటి పేజీల సూడు."

*

మార్చి ఒకటి, మంగళవారం. ఆ వాక్యం ప్రకారం ఇద్దరూ సూర్యాపేట పోయారు. ఒకరికి డ్యూటీలో మొదటి రోజు, ఇంకొకరికి డ్యూటీ లేని మొదటి రోజు.

సాలి మంచం మీద పక్కకు ఒత్తిగిలి పాలిస్తోంది. మంగ్లీ కింద కూర్చుని జొన్నరొట్టె తుంచి కోడలి నోటికి అందిస్తోంది. ఎస్తేరు కుర్చీ వద్దని మంగ్లీ ఎదురుగా నేల మీదనే కూర్చుంది. 91 పుస్తకం ఒళ్లో పెట్టుకుంది, మంగ్లీకి చదువు రాదని తెలిసి కూడా. ఉత్తనెల సంగతి మొదట్నుంచి చెప్పింది. ఈ బిడ్డకు ఎనిమిది గింజలు పడాల్సిందని, ఆ బిడ్డప్పుడూ అట్లాగే ఒక గింజ తక్కువైందని చెప్పింది. తేదీ తప్పు రాసుకుంది తానేనని, అందుకే ఆ రోజు సమయానికి రాలేకపోయానని చెప్పింది.

"నాట్లకు పోవుడు గాదు మంగ్లీ. అది నెల నిండినంకనే వచ్చింది. సాలి తప్పేం లేదు. తప్పు నాది."

మంగ్లీ చేతిలో రొట్టెముక్క అట్లాగే ఉంది. కొంగు ముడి విప్పి ముంత తీసింది. గింజల్ని ఒళ్లో పోసుకుని ఒక్కొక్కటి ముట్టుకుంటూ లెక్క పెట్టింది, ఏడు. చుట్టూ చూసింది. పక్క మంచంవాళ్లు చింతపండు పులుసుతో తిని కిటికీలో వదిలేసిన ఒక గింజ కనిపించింది. లేచి పోయి తెచ్చి, కొంగుతో తుడిచి, ముంతలో వేసింది. అప్పుడు ఎస్తేరు వైపు తిరిగింది.

"తప్పు నీదొక్కదానిదే గాదు సిస్టరమ్మా. గింజలు నేను గద ఏసింది."

అని, కోడలి మంచం పట్టె మీద తల ఆనించింది. సాలి, బిడ్డ తలకింద ఉన్న చేతిని మెల్లగా తీసి, అత్త తల మీద వేసింది. మూడేళ్లు మోసిన మాటను ఆమె అక్కడ దించుకుందని నీలాకు కళ్లారా కనిపించింది. మొహంలో నవ్వు లేదు, ఏడుపూ లేదు. ఊపిరి మాత్రం లోతుగా తీసుకుంది.

వరండాలోకి వచ్చాక ఎస్తేరు పెన్సిలు తీసి నీలా చేతికిచ్చింది.

"కొట్టెయ్యి బిడ్డా. ఇగ పుస్తకం నీది."

నీలా వరండా అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. 'మార్చి 1 — మంగ్లీకి చెప్పాలె — సాలి ఎదుట.' పెన్సిలు ఆ వాక్యం మీదకు తెచ్చి, ఆగింది. ఎస్తేరు సంచిలోంచి పంచాంగం అడిగి తీసుకుంది. వేలితో వెతికింది. తర్వాత వచ్చే ఉత్తనెల ఆషాఢం. పేజీలు ముందుకు తిప్పి, ఎస్తేరు అక్షరాల మధ్య మొదటిసారి తన అక్షరాలు రాసింది.

'1996 జూన్ 17 — అన్ని తండాలు — ఉత్తనెల మొదలు — గింజ ఎయ్యమని ఇల్లిల్లు తిరిగి చెప్పాలె.'

దానికి పది రోజుల ముందు ఇంకో వాక్యం రాసింది, ఆ పనికి లేచి నిలబడాల్సిన తేదీ. అప్పుడు వెనక్కి వచ్చి, ఈ రోజు వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది.